శోభి మచ్చలకు కీటోకోనజోల్ షాంపూ: ఒంటికి ఎలా రాయాలి, ఎంతసేపు ఉంచాలి, తగ్గిందని ఎలా తెలుస్తుంది

"ఒంటి మీద మచ్చలకని వెళ్తే డాక్టర్ గారు షాంపూ రాశారండీ, పొరపాటున రాశారేమో?" అని అడిగేవాళ్లు చాలామంది. ఆ తర్వాత వచ్చేవి ఇంకో రెండు ప్రశ్నలు: "ఎంతసేపు ఉంచి కడగాలి?", "వాడటం అయిపోయింది, మచ్చలు అలాగే ఉన్నాయి, ఇంకో సీసా కొనాలా?" ఈ మూడింటికీ జవాబులు ఇక్కడ వరసగా చెబుతాను.

ముందుగా, అది పొరపాటు కాదు. మెడ, ఛాతీ, వీపు, భుజాల మీద తెల్లగానో గోధుమ రంగులోనో వచ్చే మచ్చలను శోభి అంటాం, కొన్ని ఊళ్లలో సిబ్బెం అంటారు. దానికి కారణం మలసేజియా అనే ఫంగస్. ఇది మనందరి చర్మం మీదా మామూలుగా ఉండేదే. ఉక్క, చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు విపరీతంగా పెరిగి చర్మం రంగును మారుస్తుంది. తలలో చుండ్రుకూ ఈ ఫంగస్‌తోనే సంబంధం. అందుకే చుండ్రుకు వాడే 2 శాతం కీటోకోనజోల్ షాంపూనే శోభికి ఒంటి మీద వాడతారు. శోభి ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు, శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు. ఇంట్లో ఎవరికైనా వస్తే వాళ్ల కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు.

అది శోభేనా? ముందు ఇది చూసుకోండి

షాంపూ కొనే ముందు ఈ పరీక్ష చేయండి. చర్మం పొడిగా ఉన్నప్పుడు మచ్చ మీద గోరు అంచుతో మెల్లగా గీయండి. శోభి అయితే తవుడులాంటి సన్నటి పొట్టు లేస్తుంది. గీయకముందు నున్నగా కనిపించిన మచ్చ కూడా గీసిన చోట తెల్లటి గీత పడి పొడిపొడిగా అవుతుంది. ఈ పరీక్ష గుర్తుపెట్టుకోండి, మందు పనిచేసిందో లేదో చూడటానికి కూడా ఇదే కావాలి.

పొట్టు లేకుండా పాలలా తెల్లగా, అంచులు స్పష్టంగా ఉన్న మచ్చ బొల్లి కావచ్చు. దానికి ఈ షాంపూ పనిచేయదు.

ఇంకొక విషయం మరీ ముఖ్యం. మచ్చ పాలిపోయి ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే కుష్ఠు వ్యాధి కావచ్చు. కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా దూది కొసతో మచ్చ మీద ఒకసారి, పక్కన మామూలు చర్మం మీద ఒకసారి తాకమనండి. మచ్చ మీద తాకింది తెలియకపోయినా, మొద్దుబారినట్టు అనిపించినా షాంపూలూ క్రీములూ పక్కన పెట్టి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. స్పర్శ బాగానే తెలిసినా మచ్చ మీద అనుమానం ఉంటే చూపించుకోవాల్సిందే. కుష్ఠుకు మందులు అక్కడ ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. భయపడో సిగ్గుపడో ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్లు వంకర్లు పోయే ప్రమాదం ఉంది.

గుండ్రంగా ఎర్రటి అంచుతో, విపరీతమైన దురదతో, మధ్యలో మానినట్టు కనిపించేది తామర. దాని సంగతి వేరు, కింద చెబుతాను.

ఏమేం కావాలి

- 2 శాతం కీటోకోనజోల్ షాంపూ. కంపెనీ ఏదైనా ఫర్వాలేదు, సీసా మీద మందు పేరు, శాతం చూడండి. కొన్ని చుండ్రు షాంపూల్లో 1 శాతమే ఉంటుంది, కొన్నింటిలో కీటోకోనజోల్‌తో పాటు ఇంకో మందు కలుపుతారు. డాక్టర్ రాసిందీ షాపులో ఇచ్చిందీ ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి.
- ఫోన్‌లో టైమర్. అయిదు నిమిషాలు అంచనాతో తేలే విషయం కాదు.
- పాత మెత్తటి తువ్వాలు లేదా నూలు చీర ముక్క, వీపుకు రాసుకోవడానికి.
- ఒళ్లు తుడుచుకోవడానికి ఉతికిన పొడి తువ్వాలు.
- మొదలుపెట్టే రోజే మచ్చల ఫొటో. పగటి వెలుతురులో, కిటికీ పక్కన తీయండి.

డాక్టర్‌ను అడక్కుండా వాడకూడనివాళ్లు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్ల లోపు పిల్లలు, కీటోకోనజోల్ గానీ ఆ కోవకు చెందిన మరో ఫంగస్ మందు గానీ పడనివాళ్లు. తలకు రాసుకున్నప్పుడు ఈ మందు రక్తంలో కనిపించేంతగా ఇంకదు. ఒళ్లంతా రాసుకున్నప్పుడు మాత్రం కొద్దిగా ఇంకుతుంది. గర్భిణులు డాక్టర్‌ను అడగాలనడం అందుకే. చర్మం చిట్లి ఉన్నా, పుండ్లు ఉన్నా అవి మానేదాకా ఆగండి.

వాడే పద్ధతి

1. ముందురోజు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట కొంచెం షాంపూ నురగ రాసి, అయిదు నిమిషాలుంచి కడిగేయండి. మర్నాటికి ఎర్రబడకపోతే, దద్దుర్లు లేకపోతే మొదలుపెట్టొచ్చు.

2. గొలుసులు, తాయెత్తులు తీసేయండి. తీయడానికి ఇష్టపడని పసుపుతాడు లాంటివి ఉంటే పక్కకు జరిపి, దాని కింది చర్మానికి కూడా మందు అందేలా చూడండి. ఎప్పుడూ తడిగా ఉండే తాడు కింద ఫంగస్‌కు బాగా అనుకూలం. వాడటం పూర్తయ్యాక కొత్త తాడు మార్చుకోవడం మంచిది.

3. మామూలు సబ్బుతో స్నానం ముందే ముగించండి. నూనె, చెమట, పౌడర్ పోయేలా శుభ్రంగా కడుక్కోండి. షాంపూ రాసి కడిగాక మళ్లీ సబ్బు రుద్దకండి. పీచుతో, బ్రష్‌తో, సున్నిపిండితో గట్టిగా తోమొద్దు. ఒరుసుకుపోయిన చర్మం మీద షాంపూ మండుతుంది.

4. ఒళ్లు తడిగా ఉండగానే షాంపూ అరచేతిలో పోసుకుని, కొద్దిగా నీళ్లు కలిపి నురగ చేసి రాయండి. పెద్దవాళ్లకు ఛాతీ, వీపు, భుజాలకు కలిపి సుమారు రెండు మూడు చెంచాలు పడుతుంది. కనిపించే మచ్చల వరకే రాస్తే చాలదు, చుట్టూ బాగా వెడల్పుగా రాయాలి. మచ్చగా బయటపడకముందే ఫంగస్ పక్క చర్మంలోకి పాకి ఉంటుంది. శోభి ఛాతీ మీద ఉందంటే మెడ నుంచి నడుము దాకా ముందూ వెనకా రాసేయడమే నయం.

5. వీపు మధ్యలో చెయ్యి అందదు. ఎక్కువమందికి శోభి మిగిలిపోయేదీ అక్కడే. ఇంట్లో ఎవరైనా రాస్తే సరే. లేదంటే తడి తువ్వాలు మధ్యలో షాంపూ నురగ పట్టించి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని వీపు మీద అటూ ఇటూ నెమ్మదిగా లాగండి. ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా లాగితే వీపంతా అందుతుంది.

6. టైమర్ పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. వాడకమంతటిలో కీలకం ఈ అయిదు నిమిషాలే. నురగ రాగానే కడిగేస్తే మందు చర్మానికి పట్టదు, డ్రైనేజీలోకి పోతుంది. అలాగని అరగంట ఉంచుకుంటే త్వరగా తగ్గిపోదు, మంట, పొడిబారడం ఎక్కువవుతాయి. రాత్రి రాసుకుని పొద్దున కడిగే పద్ధతి ఎవరైనా చెబితే, మీ డాక్టర్ రాసిస్తే తప్ప చేయకండి. ఈ అయిదు నిమిషాలు ఒళ్లు ఆరిపోకుండా మధ్యలో చెయ్యి తడిచేసుకుని ఒకసారి రుద్దుకోండి. చలిగా ఉంటే స్నానాల గది తలుపు వేసుకుని, గోరువెచ్చటి నీళ్లు పెట్టుకోండి.

7. తలమీద నుంచి కాకుండా మెడ కింద నుంచి నీళ్లు పోసుకుని కడగండి. కంట్లో పడితే కళ్లు నలపకుండా మంచినీళ్లతో చాలాసేపు కడగండి. మంట, ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టర్‌కు చూపించండి.

8. పొడి తువ్వాలుతో అద్దుకోండి. చంకలు, రొమ్ముల కింద, గజ్జలు పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకోండి. ఒంటికి నూనె రాయొద్దు. మలసేజియాకు బతకడానికి కొవ్వు కావాలి, మనం రాసే నూనె దానికి మేత. ఆదివారం తలంటు అలవాటున్నా ఈ వైద్యం జరిగినన్నాళ్లు ఒంటికి నూనె మానేయండి.

ఎన్ని రోజులు? ఇక్కడే గందరగోళం. అమెరికాలో సీసాతో వచ్చే సూచనల ప్రకారం శోభికి ఒక్కసారి రాసి అయిదు నిమిషాలుంచితే చాలు. బ్రిటన్‌లో రోజుకోసారి, గరిష్ఠంగా అయిదు రోజులు. మన డాక్టర్లు మచ్చలు ఎంతమేర ఉన్నాయో చూసి రాస్తారు. మీ చీటీలో ఉన్నదే మీకు లెక్క. చీటీలో రోజులు రాయకపోతే షాపులో అడిగి ఊరుకోకుండా డాక్టర్‌కే ఫోన్ చేసి కనుక్కోండి. నెలల తరబడి రోజూ వాడే మందు మాత్రం కాదిది.

కీటోకోనజోల్ దొరకకపోతే, పడకపోతే

2.5 శాతం సెలీనియం సల్ఫైడ్ మరో మంచి మందు. దాన్ని రాసి పది నిమిషాలుంచి కడగాలి, రోజుకోసారి ఏడు రోజులు. వాసన కొంచెం ఘాటు, చర్మాన్ని పొడిబారుస్తుంది. నగలు తీసేయకపోతే రంగు మారొచ్చు. రంగు వేసుకున్న జుట్టుకు తగలనివ్వకండి. మర్మాంగాల మీద, చిట్లిన చర్మం మీద వాడొద్దు. జింక్ పైరిథియోన్ షాంపూలు కూడా పనికొస్తాయి, కానీ వాటిని ఎక్కువ రోజులు వాడాల్సి ఉంటుంది.

కీటోకోనజోల్ సబ్బులు కూడా షాపుల్లో ఉన్నాయి. నా సలహా అడిగితే శోభి తగ్గించడానికి షాంపూనే వాడండి. సబ్బును రాసి వెంటనే కడిగేయడం మనకు అలవాటు, మందు చర్మం మీద నిలవదు. పైగా ఒక్క సబ్బునే ఇంటిల్లిపాదీ రుద్దుకుంటారు.

కీటోకోనజోల్ మాత్రలు మాత్రం ఎవరో వాడారని మీరు మింగొద్దు. ఈ మాత్రలు లివర్‌ను తీవ్రంగా దెబ్బతీసే ప్రమాదం ఉందని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించి వాడకాన్ని బాగా కుదించింది. అదే ఏడాది యూరప్‌లో వాటి అమ్మకాలు ఆపాలని అక్కడి మందుల సంస్థ సిఫారసు చేసింది. షాంపూకు ఆ ప్రమాదం లేదు. శోభి మరీ ఎక్కువగా ఉంటే డాక్టర్లు వేరే మాత్రలు రాస్తారు.

తగ్గిందో లేదో ఎలా తెలుసుకోవాలి

చాలామంది టెన్షన్ పడేదీ, డబ్బు వృథా చేసేదీ ఇక్కడే. ఫంగస్ చచ్చిపోయినంత మాత్రాన మచ్చ పోదు. ఆ ఫంగస్ చర్మం రంగును తయారుచేసే కణాల పనిని అడ్డుకుంది. అడ్డు తొలగాక ఆ రంగు మళ్లీ నెమ్మదిగా నిండాలి. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎండలో తిరిగితే చుట్టూ ఉన్న చర్మం నల్లబడి మచ్చ ఇంకా తెల్లగా అనిపిస్తుంది, జబ్బు పెరిగిందని కంగారుపడతారు.

కాబట్టి రంగు చూడకండి, పొట్టు చూడండి. వాడటం ఆపిన మూడు నాలుగు వారాలకు మళ్లీ గోటి పరీక్ష చేయండి. స్నానం చేసిన వెంటనే వద్దు, తడి చర్మం మీద పొట్టు కనపడదు. సాయంత్రం పూట, చర్మం పొడిగా ఉన్నప్పుడు మచ్చను రెండు వేళ్లతో సాగదీసి గోరుతో గీయండి.

పొట్టు లేదు, నున్నగా ఉంది, కొత్త మచ్చలు రాలేదు అంటే మందు పని పూర్తయినట్టే. ఇంకో సీసా కొనక్కర్లేదు. మచ్చ తెల్లగా ఉన్నా వదిలేయండి. పొట్టు ఇంకా లేస్తుంటే, పక్కన కొత్తవి వస్తుంటే ఫంగస్ ఇంకా ఉంది. అప్పుడు అదే షాంపూ మళ్లీ మళ్లీ రాసుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ పొట్టునే కొంచెం గీసి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. నొప్పి లేని చిన్న పరీక్ష. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. వెళ్లేముందు రెండు మూడు రోజులు ఏ క్రీమూ రాయకుండా వెళ్తే ఫంగస్ దొరికే అవకాశం ఎక్కువ.

ఫొటోలను వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే సమయానికి తీయండి. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకు మార్పు తెలియదు, నెల తేడాతో రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

స్టెరాయిడ్ కలిసిన క్రీములు. ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు, మన దగ్గర ఇంటింటా జరుగుతున్న తప్పు. దురద అనగానే షాపులో ఒక ట్యూబు ఇస్తారు, రెండు రోజుల్లో దురద పోతుంది, ఎర్రదనం తగ్గుతుంది, అద్భుతమైన మందు అనిపిస్తుంది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంటుంది. ఆపగానే రెట్టింపుగా తిరిగొస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, గజ్జల్లో, తొడల మీద చారలు పడతాయి, ఆ చారలు జీవితాంతం పోవు. ట్యూబు వెనక మందుల పేర్లు చదవండి: క్లోబెటాసాల్, బెటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మోమెటాసోన్ ఇవన్నీ స్టెరాయిడ్లే. పక్కన ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉన్నాయి కదా అని మోసపోవద్దు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. మీరే అడగకండి. ఇప్పటికే చాలాకాలంగా రాస్తుంటే హఠాత్తుగా ఆపితే మంట, ఎరుపు ఎగదన్నొచ్చు. ఎలా తగ్గించుకుంటూ రావాలో స్కిన్ డాక్టర్ చెబుతారు.

మంచిది కదా అని మర్మాంగాల లోపల వాడటం. ఈ షాంపూ పైచర్మానికే. స్త్రీలు తెల్లబట్టకో దురదకో దీంతో లోపల కడుక్కోకూడదు. పురుషులు వృషణాల మీద రాస్తే విపరీతంగా మండుతుంది.

ఇంటి వైద్యం కలపడం. షాంపూతో పాటు నిమ్మకాయ, ఉప్పు, డెటాల్ రుద్దేవాళ్లు ఉన్నారు. జిల్లేడు పాలు పూసి బొబ్బలెక్కించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పాలు చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఇక చెమట బట్టలు. జిమ్ నుంచో పొలం నుంచో వచ్చి అదే బనీనుతో రాత్రి దాకా కూర్చోవడం. వైద్యం జరిగినన్నాళ్లయినా రాగానే స్నానం చేసి, వదులైన నూలు బట్టలు వేసుకోండి.

తామర ఉన్నవాళ్లకు

తామరకు ఈ షాంపూ ఒక్కటే సరిపోదు. అది వేరే రకం ఫంగస్, అంటుకుంటుంది, ఫంగస్ క్రీమో మాత్రలో కావాలి. డాక్టర్ వాటితో పాటు కీటోకోనజోల్ సబ్బో షాంపూనో రాస్తే పైపద్ధతిలోనే వాడండి, క్రీము మాత్రం కడిగి బాగా ఆరాకే రాయండి. మచ్చ అంచు దాటి చుట్టూ 2 సెంటీమీటర్ల దాకా రాయాలి, తగ్గినట్టు కనిపించాక కూడా డాక్టర్ చెప్పినన్ని వారాలు కొనసాగించాలి. మన దేశంలో ఈమధ్య టెర్బినఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని తామర ఫంగస్ బాగా వ్యాపించింది, ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని దాని పేరు. అందుకే మధ్యలో ఆపి, మార్చి మార్చి వాడటం బాగా ముదరబెడుతుంది.

మొలతాడు తీసేయండి. నడుము చుట్టూ తామర తగ్గకుండా తిరగబెట్టేవాళ్లలో తడి మొలతాడు తరచుగా కనిపిస్తుంది. తువ్వాలు, లోదుస్తులు, దుప్పట్లు విడిగా వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

పిల్లల తలలో జుట్టు ఊడి గుండ్రటి పొలుసులు కనిపిస్తే షాంపూతో కాలయాపన చేయొద్దు. తల తామర మాత్రలతోనే తగ్గుతుంది, షాంపూ పక్కవాళ్లకు అంటకుండా కొంత ఆపుతుంది, అంతవరకే. తొడల సందులో, రొమ్ముల కింద ఎర్రగా ఒరిసి మళ్లీ మళ్లీ వస్తున్న పెద్దవాళ్లు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

మళ్లీ వస్తే

శోభి మళ్లీ వస్తుంది. మందు పనిచేయలేదని కాదు, ఆ ఫంగస్ మన చర్మం మీదే కాపురం ఉంటుంది కాబట్టి. ఏటా వేసవిలో వచ్చేవాళ్లకు బ్రిటన్ సూచనల్లో ఒక పద్ధతి ఉంది: ఎండలు మొదలవకముందే రోజుకోసారి చొప్పున మూడు రోజులు వాడటం. మన వాతావరణంలో అంటే ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో. గోదావరి జిల్లాలు, విజయవాడ, విశాఖ వైపు ఉక్కలో ఉండేవాళ్లకు కొందరు డాక్టర్లు నెలకోసారి వాడమని కూడా చెబుతారు. మీకు ఏది సరిపోతుందో మీ డాక్టర్‌తో మాట్లాడి ఖాయం చేసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. అక్కడ చీటీ లేకుండా దొరికే కీటోకోనజోల్ షాంపూ 1 శాతం, 2 శాతానికి డాక్టర్ చీటీ కావాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న సీసా అయితే మూత మీద కాకుండా సీసా అడుగునో లేబుల్ మీదో ఉన్న గడువు తేదీ చూసి వాడండి. మిగిలిన షాంపూను నీళ్లు పోసి పలచగా చేసి దాచొద్దు, మూత బిగించి, పిల్లలకు అందని చోట, ఎండ తగలకుండా పెట్టండి.